ఏరు లేని కథ

2017 డిసెంబరు రెండో శనివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. భిలాయిలో తొమ్మిది డిగ్రీల చలి; గాలి లేదు; వైశాలి నగర్ వీధి మలుపు కనబడనంత పొగమంచు.

కమలాకుమారి వరండాలో శాలువా కప్పుకుని, మనవరాలు రాసిన కొత్త కథను పెన్సిలుతో దిద్దుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎమ్మే చదివి, పెళ్లయి భిలాయి వచ్చి, ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆమె కథలు పత్రికల్లో ఇరవై దాకా అచ్చయ్యాయి. కనుక మనవరాలు కృష్ణప్రియకు కథలు రాయాలన్న కోరిక పుట్టినప్పుడు గురువును బయట వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

నాన్నమ్మ నియమాలు గట్టివి. రాసింది వారం పక్కన పెట్టాలి. తర్వాత గొంతెత్తి చదవాలి. నాలుక తడబడినచోట వాక్యాన్ని మార్చాలి. ఒకే కథను రెండు పత్రికలకు పంపకూడదు. అది సొంత రచనేనని సంతకం చేసిన హామీపత్రం లేకుండా అసలు పంపకూడదు.

“అత్తయ్యా, టీ చల్లారిపోతోంది,” అంది కోడలు హేమమాలిని.

“ఈ వాక్యం పూర్తికానీ.”

“ఆ మాట మా పెళ్లయిన కాణ్ణుంచీ వింటున్నానర్రా,” అన్నాడు పేపరు వెనకనుంచి కమలాకుమారి భర్త ఆదిశేషు. ఆయన భిలాయి ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యాడు.

పది గంటలకు కృష్ణప్రియ ఫోను మోగింది. తన మొదటి కథ పంపిన పత్రిక సంపాదకుడని తెలియగానే, ఇంటిల్లిపాదీ వినాలని స్పీకరు పెట్టింది.

“మీ ‘ఏటి ఒడ్డు’ కథ గురించమ్మా.”

“సర్, నాది ‘ఎర్ర ఆకాశం’ కదా?”

“మా దగ్గరున్నది ‘ఏటి ఒడ్డు’. భాష చక్కగా ఉంది. కానీ వరద, పడవ, కొత్త కోడలు... ఇలాంటివి నెలకు పది వస్తాయి. భిలాయి చిరునామా చూసి, అక్కడి మనుషులుంటారని ఆశపడ్డాను. వేసుకోలేకపోతున్నాం. ఏమనుకోకండి.”

ఫోను ఆగింది. కృష్ణప్రియ నాన్నమ్మ వైపు తిరిగింది.

“ఏటి నాన్నమ్మా ఇది? ఏ ఏరు? నేను పుట్టి ఇరవై రెండేళ్లు, ఏటి ఒడ్డున ఒక్క పూట లేను!”

“సాపు రాసి పంపమన్నావు. పంపాను.”

“సాపంటే దస్తూరీ బాగుచెయ్యడం. నువ్వు ఊరే మార్చీసావు! క్యాంప్ వన్ బస్తీ లేదు. బొగ్గుల పొయ్యి, ఆ సిగిడీ లేదు. పక్కింటి ఫూల్‌బాయి ఏది?”

“పడవవాడి భార్యను చేశాను.”

“‘ఝన్ డర్రా బహినీ’ అంటాది కదా ఆవిడ?”

“‘భయమేల చెల్లీ’ అని రాశాను. అర్థం అదే కదా. తెలుగు కథంటే తెలుగు నేల కనబడాలి, ప్రియా. నేనూ అలాగే రాశాను కాబట్టి అచ్చయ్యాయి.”

“హామీపత్రం మీద సంతకం నాది!” అంది కృష్ణప్రియ. “నువ్వు ఇచ్చావని చదవకుండా పెట్టాను. నా సొంత రచనట. అందులో నాదేటుంది? నన్ను ఝూఠీని చేశావు. ఇక తెలుగులో రాయను. హిందీలో రాసుకుంటాను. అక్కడ నన్ను ఎవరూ ఏటి ఒడ్డుకి పంపరు.”

నాన్నమ్మ కళ్లెదుటే ఫోనులోంచి తెలుగు కీబోర్డు తీసేసి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

“అత్తయ్యా,” హేమమాలిని మెల్లగా అంది, “ఆ కథ నాకు చదివి వినిపించింది. అందులో కొత్త కోడలు మీరే.”

“తెలుసు.”

ఆదిశేషు పేపరు మడిచాడు. “తెలీకేటి! కాపురానికొచ్చిన కొత్త. నేను సెకండు షిఫ్టుకి వెళ్లాను. చీకటి పడతానే ఫర్నేస్‌లోంచి తీసిన కరిగిన ఇనప చిట్టెం గుట్ట మీద ఒంపారు. నిప్పుల వెలుగుకి ఆకాశం మండిపోయినట్టుంటాది. ఊరు అంటుకుందనుకుని ఈవిడ పరుపూ, దేవుడి పటమూ, నా పంట్లాములూ వీధిలోకి లాగీసింది. క్యాంప్ వన్ అంతా వచ్చి చూసింది. పంట్లాములు కాపాడిందంటే నా మీద ప్రేమున్నట్టేనని సంతోషించాను.”

హేమమాలిని నవ్వింది. కమలాకుమారి నవ్వలేకపోయింది.

ఆ సాయంత్రం గురించి ఆమె ఒకసారి రాసింది. కాపురానికొచ్చిన మూడో ఏడు. అప్పటి సంపాదకుడు ‘మా పాఠకులకు పరిచయం లేని వాతావరణం’ అని తిప్పి పంపాడు. ఆ వాక్యం వల్లనే ఆమె భిలాయిని వదిలి, తాను విడిచి వచ్చిన ఊరి గురించి రాయసాగింది. రాసినవన్నీ అచ్చయ్యాయి; అచ్చయ్యాయి కనుక ఆ నియమం సరైనదని నమ్మింది; నమ్మింది కనుకనే మనవరాలి కథలో దాన్ని అమలు చేసింది. ఫూల్‌బాయి తన చెయ్యి పట్టుకుని సిగిడీ వెలిగించడం నేర్పిన ఆ శీతకాలం ఆమెవి అచ్చయిన ఇరవై కథల్లో ఎక్కడా లేదు.

ఆమె లేచి మనవరాలి గది తలుపు తట్టింది.

“పెన్సిలు తేలేదు. నీ కథ వినిపించు.”

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కృష్ణప్రియ ముఖం తిప్పుకునే చదివింది. ఫూల్‌బాయి నవ్వుతూ పరుపును తిరిగి లోపలికి మోసుకెళ్లే చోట, నాన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం ఓరకంట చూసి ఆగిపోయింది.

“తప్పుంటే చెప్పు.”

“తప్పు నాది. నీ ఊరు తీసేసి, నీ చేత అబద్ధానికి సంతకం పెట్టించాను. ఆ సంపాదకుడికి నేనే ఫోను చేసి, ఆ ఏరు నాదని చెబుతాను.” కొంగు దించి అంది: “నేను బెదిరింది ఆకాశాన్ని చూసి కాదు ప్రియా. ఆ వెలుగులో గోడ మీద నా నీడ ఊగింది. గదిలో ఇంకెవరో ఉన్నారనుకున్నాను. అది చెప్పుకోలేక, సామాను బయటికి లాగి ఊరు అంటుకుందన్నాను. పెళ్లయి వారం, పలకరించే మనిషి లేదు. ఎవరో ఒకరు ఉంటే బాగుండుననీ అనిపించింది.”

“అది నాకెప్పుడూ చెప్పలేదేటి?”

“ఎవరికీ చెప్పలేదు.”

కృష్ణప్రియ మంచం మీద చోటిచ్చింది. “మొదట్నించీ చెప్పు నాన్నమ్మా. రాసుకుంటాను,” అంటూ కాగితం వెనక్కి తిప్పింది.

ఆ మాటలూ చేర్చి పంపిన ‘ఎర్ర ఆకాశం’ను ఆ పత్రిక వేసుకోలేదు, నిడివి ఎక్కువైందన్నారు. 2019లో మరో పత్రిక ప్రచురించింది. 2021లో, డెబ్బై నాలుగో ఏట, కమలాకుమారి ఫూల్‌బాయి గురించి కథ రాసింది. కృష్ణప్రియ టైపు చేసి పంపింది.