ఆఖరి గుండీ

"సోమారం నుంచి చిట్టిని బడికి పంపేది లేదు" అని పోసవ్వ తేల్చి చెప్పేసరికి కోడలు ప్రసన్న చేతిలోని తునికాకు జారి బీడీల చాటలో పడింది.

"మూడేండ్లు పోయింది. పేరు రాయరాదు, చొక్కా గుండీలు పెట్టుకోరాదు. పిల్లలు నవ్వుతుండ్రట. ఎందుకే గీ బాధ? నా కండ్ల ముందట ఉండనీ."

పోసవ్వ మాటంటే మాటే. బాన్సువాడలో వాళ్ల వాడకట్టు మొత్తం మీద ఆమెకు ఎదురు కూత కూసేది ఇంట్లో కుక్కరు ఒక్కటే.

చిట్టికి పదేళ్లు. వయసు పరుగెత్తినా బుద్ధి నెమ్మదిగా నడిచి వచ్చే పిల్ల. తల్లికి ఆమె అంటే ప్రాణం... అంత ప్రాణం కాబట్టే అన్నం తానే కలిపి పెట్టేది, గుండీలు తానే పెట్టేది. బడి కూడా మానేస్తే రేపు తన బిడ్డ ఎవరి చేతుల మీద బతకాలి... అనుకుంటూ ప్రసన్న కొంగుతో కళ్లొత్తుకుంది.

మర్నాడు పొద్దున్నే షాగుఫ్తా టీచరు ఇంటికి వచ్చింది. చిట్టిలాంటి పిల్లలకు చదువు చెప్పడానికి వారానికి రెండు రోజులు బడికి వచ్చే మనిషి. విషయం విని, ఏమీ వాదించకుండా చిట్టిని ముందు నిలబెట్టుకుంది. పైనుంచి నాలుగు గుండీలు తానే పెట్టి, అయిదోది సగం దూర్చి వదిలేసి, మెడ వంచి చూసింది.

"గిది నువ్వు పెట్టు చిట్టీ."

చిట్టి వేళ్లు తడబడ్డాయి. నాలుక బయటికొచ్చింది... గుండీ దూరింది. టీచరు చప్పట్లు కొట్టింది. "రేపు గూడ గిదొక్కటే. మంచిగొచ్చినంక రెండు."

"ఒక్క గుండీకి టీచరు గావాల్నా? గిదేం సదువు?" అంది పోసవ్వ.

ఏనాడూ అత్తకు అడ్డు చెప్పని ప్రసన్నకు ఆ పూట గొంతు పెగిలింది. "అత్తమ్మా... నేనొచ్చిన కొత్తల బీడీ సుట్టరాకుంటే ఏం జేసినవ్? ఆకు నువ్వే కత్తిరించి, తంబాకు పోసి, సుట్టి, దారం కట్టుడు ఒక్కటే నాకిచ్చినవ్. పది రోజులు గదే పని. అందరు నవ్విండ్రు. నువ్వు మాత్రం నన్ను పుట్టింటికి పంపలే."

పోసవ్వ తన చేతుల వంక చూసుకుంది. "టీచరమ్మకు చాయ్ పెట్టు" అంది.

చిట్టి బడి మానలేదు! ఇక నేర్చుకోవడంలో అసలు కష్టమంతా తల్లికే వచ్చింది. పిల్ల తడబడితే చాలు, ఆమె చేయి ముందుకు పోయేది. "చెయ్యి తియ్. నువ్వు పెడితే నీకొస్తది, దానికెట్లొస్తది?" అని పోసవ్వ కసిరేది.

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు. వాకిట్లో, పిల్లల్ని బడికి తీసుకెళ్లే రౌఫ్ ఆటో హారన్ మోగుతోంది.

"జర ఆగు రౌఫ్, మా పిల్ల తయారైతుంది" అంది పోసవ్వ.

ఒకటి, రెండు, మూడు, నాలుగు... చిట్టి ఆగిపోయింది. ప్రసన్న చేయి ముందుకు పోబోయి ఆగింది. చిట్టి అయిదో గుండీని సగం దూర్చి, నానమ్మ దగ్గరికి నడిచి వచ్చి, అచ్చం టీచరులా మెడ వంచింది.

"గిది నువ్వు పెట్టు అవ్వా."

వేలాది బీడీలకు దారం కట్టిన ఆ వేళ్లకు కన్నీళ్లలో గుండీ రంధ్రం దొరకలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి దూరింది.

చిట్టి చప్పట్లు కొట్టింది. "మంచిగొచ్చింది. రేపు రెండు" అని చెప్పి ఆటో ఎక్కింది.