రెండో గొట్టం

నూకరాజు గుండెకు ఆపరేషన్ చెయ్యాలని ప్రాణరేఖ తేల్చి చెప్పింది. నూకరాజు గుండెకు మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు. నిన్న పొద్దున కూడా ఒడ్డున వల లాగి వచ్చిన మనిషి, ఆయాసమంటే ఏమిటో ఎరగడు. అయినా ఇప్పుడు, ఈమధ్యే పోయిన తమ్ముడు తాతారావు ఇంటి అరుగు మీద, ఛాతీకి వైర్లు అంటించుకుని, విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టర్ మృణాళిని ఎదుట బుద్ధిగా కూర్చున్నాడు.

"మీ గుండె చక్కగానే కొట్టుకుంటోంది నూకరాజు గారూ," అంది ఆవిడ చేతిలోని టాబ్లెట్ చూస్తూ. "నా భయం కూడా అదే. తాతారావు గారిది కూడా ఆఖరి రోజు దాకా ఇలాగే కొట్టుకుని ఉంటుంది."

ప్రాణరేఖ అంటే మాయా కాదు, మంత్రమూ కాదు. రాష్ట్రంలో ఉన్న ప్రతి మనిషి ఉమ్మినీ గొట్టంలో పట్టి, అందులోని జన్యువులను చదివి, అన్నిటినీ ఒక్క కంప్యూటర్‌లో దాచారు. ఎలాంటి జన్యువులున్నవాళ్లకు ఏ జబ్బు వచ్చింది, వచ్చాక ఎన్నాళ్లు బతికారు అన్నది అది ఎప్పటికప్పుడు లెక్క కడుతూ ఉంటుంది. మీలాంటివాళ్లు ఎక్కువమంది బతికితే మీ పేరు పక్కన ఆకుపచ్చ రంగు, ఎక్కువమంది పోతే ఎరుపు. డాక్టర్లు మనిషి మొహం చూడకముందే ఆ రంగు చూడటం అలవాటు చేసుకున్నారు.

ఉప్పలమొగ అన్న ఈ చేపలవాళ్ల ఊరు మొత్తం ఆకుపచ్చే. ఇక్కడి మగవాళ్లలో గుండెను కాపాడే జన్యువులు దండిగా ఉన్నాయనీ, అచ్చుగుద్దినట్టుండే కవలలు కూడా మరే ఊళ్లోనూ లేనంతమంది ఉన్నారనీ మృణాళిని పెద్ద వ్యాసం రాసి, దేశదేశాల్లో చప్పట్లు కొట్టించుకుంది. ఇంత గట్టి గుండెల ఊరికి గుండె డాక్టరెందుకని పైవాళ్లు వారం వారం వచ్చే వైద్యుణ్ణి కూడా మాన్పించేశారు.

వానలకు ముందు తాతారావు పడవలో కళ్లు తిరిగి పడ్డాడు. టౌన్లో ఆసుపత్రికి వెళ్తే కంప్యూటర్‌లో పేరు కొట్టి చూసి, "ఆకుపచ్చ. నీకేం కాదు, ఎండదెబ్బ," అని పంపేశారు. మరుసటి వారమే ఒడ్డున మోకు లాగుతూ కుప్పకూలిపోయాడు. ప్రాణరేఖ లెక్కలో ఒకే రకం జన్యువులున్న కవలల్లో ఒకడు అలా పోయాడు కాబట్టి, రెండోవాడైన నూకరాజు రంగు రాత్రికి రాత్రి ఎర్రబారింది. అందుకే మృణాళిని పరిగెత్తుకొచ్చింది.

"ఆడు నాకంటే నాలుగేల్లు సిన్నోడు డాట్రమ్మా," అన్నాడు నూకరాజు నీళ్లు నములుతూ.

ఆవిడ నవ్వింది. "కార్డుల్లో పుట్టిన తేదీలు తప్పడం మామూలేనండీ. జన్యువులు అబద్ధం చెప్పవు."

నూకరాజు తలదించుకున్నాడు. జన్యువుల సంగతేమో గానీ తను అబద్ధం చెప్పగలడు, చెప్పాడు కూడా. గొట్టాలు ఇంటింటికీ పంచి సాయంత్రానికల్లా పట్టుకెళ్లిన రోజున తాతారావు సముద్రం మీద వేటలో ఉన్నాడు. ఇవ్వకపోతే బియ్యం ఆపేస్తారని ఎవరో పుకారు లేపారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నూకరాజు తన గొట్టం నింపి, తమ్ముడి గొట్టంలోనూ తనే ఊశాడు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లం, ఒకే రక్తం, ఎవరి ఉమ్మి అయితేనేం అనుకున్నాడు. తమ్ముడికి మంచి పని చేసిపెట్టానని సంబరపడ్డాడు.

తమ్ముడి శవం ఇంటి నుంచి లేచిన రోజునే అతనికి అంతా అర్థమైంది. అందుకే ఛాతీ కోస్తామన్నా కిక్కురుమనలేదు. కోస్తే కొయ్యనీ, తగిన శాస్తి. నోరు విప్పితే మరదలు పైడమ్మ మొహం ఎలా చూడాలి?

ఆ పైడమ్మే లోపలినుంచి కూతురు కనకాన్ని ఎత్తుకుని వచ్చింది. ఇందాక పాప ఉమ్మి కూడా తీసి, గుండె జన్యువులు మాత్రమే చదివే చిన్న మెషీన్‌లో పెట్టారు.

"మా గుంట ఎలాగుందండి?"

"ఆకుపచ్చేనమ్మా. ఒక్కచోట మాత్రం ఎవరిలోనూ లేని చిన్న తేడా ఉంది. వాళ్ల నాన్నలో అది లేదు కదా, ఆయన పోయింది దానివల్ల కాదు. కాబట్టి పాపకి ఏ పరీక్షలూ అక్కర్లేదంటోంది మెషీన్."

నూకరాజు ముందుకు వంగాడు. "ఆల్ల నానలో ఆ తేడా ఉంటే?"

"ఉంటే కథే వేరు. అప్పుడు ఆయన్ని తీసుకెళ్లింది అదే అనుకోవాలి, అది లేని మీకు ఆపరేషన్ అక్కర్లేదు. ఈ పాపని ఇప్పట్నుంచే కంటికి రెప్పలా కాచుకోవాలి."

కనకం పెదనాన్న ఛాతీ మీది వైర్లు చూసి కిలకిలా నవ్వింది. నూకరాజు ఆ వైర్లను ఒక్కొక్కటే పీకేశాడు.

"ఆ రెండో గొట్టంలో ఉన్నది మా తమ్ముడిది కాదమ్మా. నాదే. నానే ఊసినాను."

పైడమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.  అర్థమయ్యాక పాపను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"అయితే ఆ దినం ఆసుపత్రోల్లు చూసింది మా ఆయన్ని కాదన్నమాట. నీకేటి కాదని నీకు సెప్పి, ఆయన్ని ఇంటికి పంపీసినారు. అంతేనా బావా?"

నూకరాజు తలూపాడు. అంతే.

మృణాళిని టాబ్లెట్ మీంచి తలెత్తింది. "ఊళ్లో ఇంకెవరైనా ఇలా..."

"ఆ దినం సిన్నోల్లందరూ ఏటలోనే ఉన్నారు డాట్రమ్మా. ఏట మానేసి ఒడ్డునున్న అన్నలే తమ్ముల్లకి ఊసినారు. మంచికే కదా అనుకున్నాం."

ఆవిడ టాబ్లెట్‌లో ఊరి కవలల జాబితా తెరిచి చూసింది. తను కనిపెట్టిన కవలలు కవలలు కారు. లోకమంతా మెచ్చిన ఆ గట్టి గుండెలు, గండాలన్నీ దాటి ఒడ్డుకు చేరిన పెద్దవాళ్లవి. సముద్రం మీద ఉన్నవాళ్ల గుండెలు ఎలాంటివో ఆ కంప్యూటర్‌కు ఈనాటికీ తెలియదు. వాళ్లకు డాక్టర్ని లేకుండా చేసింది తన వ్యాసమే. చప్పట్లు గుర్తొచ్చి ఆవిడకు సిగ్గేసింది.

టాబ్లెట్ పక్కన పెట్టి సంచిలోంచి కొత్త గొట్టం తీసింది.

"తాతారావు గారిది ఇక దొరకదు. పాపది పైడమ్మ గారితోనూ, మీతోనూ పోల్చి ఆయనది ఊహించాల్సిందే. కానీ మీ పేరు మీదున్నదైనా మీదేనని నేనెలా నమ్మాలి? నా కళ్లెదుట ఊయండి."

నూకరాజు గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. దవడలు ఆడించాడు, చింతకాయను తలుచుకున్నాడు. గుమ్మంలో పైడమ్మ కళ్లార్పకుండా చూస్తోంది. ఆ రోజు వల బాగుచేసుకుంటూ, ఈలపాట పాడుకుంటూ రెండు గొట్టాలు నింపిన మనిషి నోట్లో, ఇవాళ ఒక్క చుక్క ఊరలేదు.