అత్తమ్మ మింగిన గుళికలు

మూడో గుళిక గొంతు దాటి, రొమ్ము ఎముక వెనక ఎక్కడో ఆగిపోయింది.

హన్విక వంటింటి గట్టును రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడింది. కదిలితే వాంతి అవుతుంది. వాంతి అయితే అంతకుముందు మింగిన రెండూ బయటికొస్తాయి. నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరుతూనే ఉంది. నడుముకు కట్టుకున్న జాడపట్టీ మెత్తని ఆడగొంతుతో పలికింది.

"ఈ ఉదయం ఐదు గుళికల్లో రెండు అందాయి. మూడో గుళిక జాడ తెలియలేదు. దయచేసి మింగండి."

ఏడుంబావుకు షెడ్డు బస్సు. కాజీపేట అవతల రైలు పెట్టెలకు సీట్లు కుట్టే షెడ్డులో ఆమె పదకొండేళ్లుగా పనిచేస్తోంది. టైము ఏడు దాటింది. ఐదు గుళికలూ కడుపులో కరిగాయని పట్టీ ఒప్పుకుంటే తప్ప ఇంటి తలుపు తెరుచుకోదు. తలుపే కాదు, బస్సు మెట్టు, షెడ్డు గేటు, చివరికి కూరగాయల అంగడి కూడా అంతే.

జాడగుళిక మంచికే వచ్చింది, ఎవరూ కాదనలేరు. నేలలో సారం చచ్చిపోయి, పండినదంతా ఒట్టి పిండిగా మిగిలిన రోజుల్లో మనుషులు మిషన్ల దగ్గర నిలబడి నిలబడే కూలిపోయేవారు. పిల్లల కాళ్లు వంకరపోయేవి. తిండి ఇవ్వలేనిదంతా పోషణ మండలి ఒక గుళికలో పెట్టి ఇచ్చింది. ఊరికే ఇస్తే జనం గూట్లో పెట్టి మరిచిపోతారని గుళిక నడుమ ఆవగింజంత జాడబిందువును పొదిగింది. కడుపులోని పులుపు తగిలితే అది మేలుకుంటుంది, పట్టీకి కబురు పంపుతుంది. మామూలు మనిషికి రోజుకొకటే. గోడలోని పెట్టె రోజూ పొద్దున లెక్కగా విడుస్తుంది, ఒకటి ఎక్కువా రాదు, తక్కువా రాదు.

హన్వికకు మాత్రం ఐదు. ఏడాదిన్నర కిందట ఆమెకు పొట్ట కుదింపు ఆపరేషన్ జరిగింది. అప్పుడామె నూట పద్దెనిమిది కిలోలు. మోకాళ్లు అరిగి, షుగరు కళ్లలోకి దిగుతుంటే డాక్టర్లే చేయించుకోమన్నారు. ఇప్పుడామె పొట్ట కోడిగుడ్డంత. అందులోంచి ఒంటికి పట్టేది ఐదో వంతే కాబట్టి మోతాదు ఐదింతలు. ఒక్కో గుళిక చింతగింజంత.

మొదట్లో ఆమెకు చప్పరించే బిళ్లలు, సిరప్పు, నెలకో సూది ఇచ్చేవారు. పోయిన ఏడు అవన్నీ ఆపేశారు. సిరప్పు తాగినట్టు ఎవరు చెప్పాలి? దానికి జాడ లేదు. గుళికను నూరి మజ్జిగలో కలిపితే బిందువు పగిలి ఊరుకునేది. మినహాయింపు కోసం హన్విక రెండు అర్జీలు పెట్టుకుంది. రెండింటికీ ఒకటే జవాబు: మింగలేకపోవడం రోగం కాదు, సాధనతో పోయే అలవాటు లోపం. జవాబుతో పాటు ఎలా మింగాలో చూపించే వీడియో కూడా పంపారు.

"మింగని రోజులకు ఇప్పటికి రెండు ఎర్రగీతలు నమోదయ్యాయి," అంది పట్టీ. "మూడోది పడితే మీకు పోషణాలయంలో తొంభై రోజుల సంరక్షణ లభిస్తుంది."

సంరక్షణ అంటే మంచానికి కట్టి ముక్కులోంచి గొట్టం వేయడమని వాడలో అందరికీ తెలుసు.

వెనక చెప్పుల చప్పుడయింది. అత్తమ్మ ప్రవళిక వచ్చి కోడలి ముఖం చూసింది. ఆమెకు అరవై ఆరేళ్లు. సన్నగా, చలాకీగా ఉండే మనిషి. మూడేళ్ల కిందట కొడుకు పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో వాళ్లిద్దరే. నెల మాసికం కాగానే పుట్టింటివాళ్లు వచ్చి హన్వికను రమ్మన్నారు. ఆమె పోలేదు. ప్రవళిక ఉండమని అడగలేదు. ఇద్దరూ ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోనూ లేదు.

"కక్కెయ్యి బిడ్డా. సింకుల కక్కెయ్యి, ఏం గాదు," అంది ప్రవళిక, వీపు రాస్తూ.

"కక్కితే మూడో గీత పడ్తది అత్తమ్మా."

"పడదు. ఆ పట్టీ ఇటియ్యి."

హన్వికకు అర్థమయ్యేలోపే ప్రవళిక ఆమె నడుము నుంచి పట్టీని విప్పి, తన జాకెట్టు కింద కట్టుకుంది. హన్విక సింకులో కక్కిన మూడో గుళికను కడిగి, గట్టు మీద మిగిలిన రెండింటితో కలిపి అరచేతిలో వేసుకుని, ఒక్క గుక్క నీళ్లతో మింగేసింది. వేరుశనగ గింజలు మింగినంత తేలిగ్గా. ఎనిమిది నిమిషాలు ఇద్దరూ తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఐదు గుళికలూ అందాయి. శుభోదయం హన్వికా," అంది పట్టీ. తలుపు గడియ టక్కున వెనక్కి జరిగింది.

"నీకేమన్నా అయితే?"

"విటమిన్లే గదనే, విషమా? పో, బస్సు పోతది," అంటూ ప్రవళిక పట్టీ విప్పి కోడలి నడుముకు తిరిగి కట్టింది.

ఆ ఒక్క రోజుకే అనుకున్నారు. ఏడు నెలలు గడిచాయి.

పొద్దునే ప్రవళిక పట్టీ కట్టుకోవడం, తన ఒక్కదానితో పాటు కోడలి ఐదూ మింగడం పళ్లు తోముకోవడమంత మామూలైపోయింది. హన్విక పేరున ఉన్న పట్టికలో ఎర్రగీతలు చెరిగిపోయాయి. మూడో నెలలో మండలి నుంచి అభినందన పత్రం వచ్చింది, "సాధనతో సాధించారు" అని.

ఆ పత్రం వచ్చిన వారంలోనే హన్విక ఒక సాయంత్రం బస్టాపు నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చింది. రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు. రోడ్డు మీది కంకర గుచ్చుకున్న సంగతీ తెలియలేదు. గడపలో నెత్తురు చూసి ప్రవళికే అరిచింది. షెడ్డులో కుట్టుమిషను పెడలు మీద కాలు పెడితే ఎంత నొక్కుతోందో పాదానికి తెలిసేది కాదు. సూది ఒక్కసారిగా పరిగెత్తి సీటు గుడ్డ ముడుచుకుపోయేది. వంగి చూస్తూ నొక్కడం అలవాటు చేసుకుంది. జుట్టు దువ్వెనకు వచ్చేస్తోంది.

డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే నెత్తురు తీస్తారు. తీస్తే పట్టిక అబద్ధమని తేలుతుంది.

అదే రోజుల్లో ప్రవళిక కూడా మారింది. ఎంత నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడి కూర్చునేది. తర్వాత మాటలు తప్పడం మొదలైంది. పొయ్యి మీద ఏం పెట్టిందో మరిచేది. ఒక రోజు ఒకే బియ్యాన్ని మూడుసార్లు కడిగింది. వయసు మీద పడుతోందని హన్విక అనుకుంది. అలా అనుకోవడానికే ఆమె మనసు ఒప్పుకుంది. ఎంత మరిచినా, పొద్దున పట్టీ కోసం చేయి చాపడం మాత్రం ప్రవళిక మరిచేది కాదు. ఆ చేయి చూసినప్పుడల్లా వద్దనాలని హన్వికకు నోటిదాకా వచ్చేది. తలుపు వైపు చూసి ఊరుకునేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం షెడ్డుకు పక్కింటావిడ ఫోను వచ్చింది. హన్విక పరుగున ఇంటికొచ్చేసరికి ప్రవళిక వాకిట్లో కూర్చుని ఉంది. కళ్లు తేలవేసి చూసింది.

"నా కొడుకు డ్యూటీకెళ్లి ఇంక రాలే. నువ్వెవరమ్మా?"

అరగంటలో హనుమకొండ ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడ రోగం తేల్చేది నిర్ణాయకం అనే యంత్రం. అది నెత్తురూ చూస్తుంది, రోగి గుళికల పట్టికా చూస్తుంది. ఆ రెండూ కలిపి ఏం చేయాలో చెబుతుంది. డాక్టర్లు చేసేది సంతకమే. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరు ఫరీదా తెర చూసి నుదురు ముడిచింది.

"కాల్షియం చాలా ఎక్కువుందమ్మా. మెదడుకు పట్టింది అందుకే. ఈమె రోజూ మింగేది ఒక్క గుళికే కదా?"

హన్విక అత్తమ్మ మీది దుప్పటి సర్దింది.

"పట్టికలో ఒకటే ఉంది. ఒక్క గుళికతో ఇంత పెరగదు. అందుకని మెడలోని గ్రంథి చెడిపోయిందంటోంది నిర్ణాయకం. మెడ కోసి తీసేయాలట, సాయంత్రం నాలుగింటికి. ఈ స్థితిలో మత్తు ఇవ్వడం మంచిది కాదు, కానీ పట్టిక తప్పుండదు కాబట్టి..."

గోడ గడియారంలో మూడు కావస్తోంది. మంచం మీద ప్రవళిక గాలిలో ఏదో తడుముతోంది.

"తప్పుంది మేడం," అంది హన్విక.

"ఏంటి?"

"పట్టిక తప్పుంది. ఆమె మెడల ఏం లేదు. నా గుళికలు ఆమె మింగుతున్నది. రోజుకు ఐదు. ఏడు నెలల సంది."

డాక్టరు ఆమె పాదాల వైపు చూసింది. వంగి, బల్ల సొరుగులోంచి ఒక ఇనుప కంపనపు కడ్డీ తీసి, మోగించి, హన్విక కాలి బొటనవేలికి ఆనించింది.

"తెలుస్తోందా?"

"ఏం పెట్టిన్రు?"

చీలమండకు ఆనించింది. పిక్కకు ఆనించింది. మోకాలి కిందికి వచ్చేసరికి హన్వికకు సన్నగా వణుకు తెలిసింది.

"బి పన్నెండు విటమిన్ అసలు లేదు నీ ఒంట్లో," అంది డాక్టరు మెల్లగా. "ఇప్పుడు సూదులిచ్చినా నరాలు పూర్తిగా తిరిగి వస్తాయని చెప్పలేను. పాత రోజుల్లో అయితే నాలుక కింద నాలుగు చుక్కలతో పోయేది ఇది." ఆగి, ఇంకా గొంతు తగ్గించింది. "ఆపరేషన్ ఆపాలంటే నువ్వు చెప్పింది నేను నమోదు చేయాలి. నమోదు చేస్తే మండలి మనిషి వస్తాడు. తెలుసుగా?"

"ఆపున్రి మేడం."

మండలి అధికారి ఇరవై నిమిషాల్లో వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇకనుంచి ప్రతి మాటా రికార్డవుతుందని చెప్పి మొదలుపెట్టాడు.

"ఒకరి గుళికలు ఇంకొకరు తెలిసి మింగడాన్ని దొంగజాడ అంటారమ్మా. మింగినవాళ్లదే పెద్ద నేరం. అరవై దాటినవాళ్లయితే జైలుండదు, దూరంలో ఉండే వృద్ధ శిబిరంలో ఐదేళ్లు ఉంచుతారు. తెలియక మింగితే మాత్రం వాళ్లకేమీ కాదు. అప్పుడు నేరమంతా మింగించినవాళ్లది." అతను తల ఎత్తాడు. "మీ అత్తగారు తెలిసే మింగిందా?"

డాక్టరు ఫరీదా కిటికీ వైపు తిరిగింది. మంచం మీద ప్రవళికకు సెలైను ఎక్కుతోంది. ఐదేళ్లు. ఆ మనిషికి తన బియ్యపు డబ్బా, తన కిటికీ, తన కోడలు తప్ప ఇంకేమీ లేవు.

"లేదు సార్," అంది హన్విక. "ఆమెకేం తెల్వదు. బలం గోళీలని చెప్పి నేనే మింగించిన. నిద్రల ఉన్నప్పుడు పట్టీ కట్టిన."

"ముసలామె ఒంటికి చెడు చేస్తాయని తెలిసే?"

గొంతులో గుళిక ఆగినట్టే ఆగింది మాట. బలంగా మింగింది.

"తెలిసే."

డాక్టరు ఫరీదా ఏదో అనబోయింది. హన్విక ఆమె వైపు చూసిన చూపుకు ఆగిపోయింది. తర్వాత ఆపరేషన్ రద్దు కాగితం మీద సంతకం చేసింది.

మూడో గీతకు పడే తొంభై రోజులు ఈ నేరానికి ఒక సంవత్సరమయ్యాయి. అన్నాళ్లు ముక్కులో గొట్టం ఉంచలేక, పోషణాలయంలో హన్విక పొట్టకు పక్కనుంచి చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చారు. పూటపూటకూ అందులోంచి ద్రవం దిగేది. మింగే పనే లేదు. తలుపు వైపు చూసే పనీ లేదు, దానికి లోపలి వైపు పిడి లేదు. జుట్టు మళ్లీ మొలిచింది. పాదాలకు మాత్రం నేల తెలియలేదు.

ఆరో వారం ప్రవళిక చూడటానికి వచ్చింది. సెలైన్లతో కాల్షియం దిగిపోయాక మనిషి మునుపటిలా చక్కగా అయింది. తలకు నూనె రాసుకుని దువ్వుకుంది. చూపులో తేటదనం ఉంది. ఇద్దరి మధ్యా అద్దం, అద్దంలో మైకు, మైకు పక్కన మాటలు రికార్డవుతున్నాయని చెప్పే ఎర్రని దీపం.

"బాగున్నవా?" అంది ప్రవళిక.

"మంచిగున్న అత్తమ్మా. నీ ఒళ్లెట్లున్నది?"

"మంచిగైంది. అన్నం తింటున్న." చీర కొంగును వేళ్లకు చుట్టుకుంది. "ఆ ఏడు నెలలు నాకు యాదికి లేవు హన్వీ. ఎంత తలుసుకున్నా వస్తలే. పొగలెక్క ఉన్నది. డాక్టరమ్మను అడిగితే అట్లనే అయితది, తిరిగి రావన్నది. మండలోళ్లు కాయితం ఇచ్చిన్రు. చదువుకున్న."

హన్విక ఎర్రదీపాన్ని చూసింది.

"అండ్ల రాసింది నేను నమ్మలే. పక్కింటామె నమ్మింది. మీ వదిన నమ్మింది. నేను నమ్మలే. నీ నోటితోని నువ్వు చెప్తే ఇందామని వచ్చిన." అద్దానికి దగ్గరగా జరిగింది. "నిజమేనా బిడ్డా? నాకు తెల్వకుంట పెట్టినవా?"

ఒక్క మాట చాలు. వంటింటి గట్టు, ఆ పొద్దు, వీపు రాసిన చేయి, "ఇటియ్యి" అన్న గొంతు. ఆ మాట అంటే ఈమె రేపటికల్లా శిబిరంలో ఉంటుంది. దీపం రెప్ప వేయకుండా వెలుగుతోంది.

"నిజమే అత్తమ్మా."

ప్రవళిక ముఖంలో కోపం వస్తుందని హన్విక ఎదురుచూసింది. తిడుతుందని, లేచి వెళ్లిపోతుందని అనుకుంది. అదేదీ జరగలేదు. ప్రవళిక కళ్లు నిండాయి. అర్థం కాని సంగతి ఏదో అడుగుతున్నదానిలా, చాలా నెమ్మదిగా అంది.

"ఎందుకే? నాకొక్క మాట చెప్తే నేనే మింగకపోదునా?"

హన్విక రెండు చేతులతో నోరు మూసుకుంది. సమయం అయిపోయిందని ఒక మెత్తని ఆడగొంతు చెప్పింది. ప్రవళిక లేచి, జవాబు కోసం ఇంకొక్క క్షణం నిలబడి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయింది.