ఏడో నంబరు ఆవిడ

బఠానీలు సగం వలిచేశారు గానీ, ఆమె వచ్చిన పని ఇంకా మొదలుపెట్టలేదు. ఎదురుగా అతని తల్లి తలెత్తకుండా కాయలు విరుస్తోంది. అతను వలిచినవన్నీ నోట్లో వేసుకుంటూ మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు.

పదకొండు దాటింది. ఒంటిగంటకు క్లినిక్ మూసేస్తారు. తల్లికి క్యాన్సర్ పరీక్షకు డాక్టరు రాసిచ్చిన చీటీ మూడు నెలలుగా ఫ్రిజ్ తలుపుకే అతుక్కుని ఉంది. దాని గడువు ఈరోజుతో సరి. నువ్వు చెబితే వింటుందేమో అని అతను ఆమెను పిలిచాడు. తమ పెళ్లి మాట రెండు రోజుల కిందటే ఇంట్లో చెప్పాడట. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆమె ఎనిమిదేళ్లు ల్యాబ్‌లో మాలిక్యులర్ బయాలజిస్టు. నాలుగు నెలల కిందట అది వదిలేసి, క్యాన్సర్ పరిశోధనల గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పే ఉద్యోగంలో చేరింది. మొదటి సభలో ఇరవై నిమిషాలు మైకు ఆన్ చేయకుండానే మాట్లాడింది. మైకులు చూసుకునేది అతనే. ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడితే, మీరు ఆపితే కదా అన్నాడు. ఆ తర్వాత ప్రతి సభలోనూ చివరి వరుసలో కూర్చుని, అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా చెయ్యెత్తేవాడు. అలా ఆమెకు మాట్లాడటం వచ్చింది. మిగతాదీ వచ్చింది.

ఇవాళ మాత్రం ఒక్క మాటా రావడం లేదు.

గిన్నె జరపబోతే బల్లమీద ఆమె పని కోసం రాసుకునే నోటుపుస్తకం జారి కింద పడింది. తల్లి తీసి, తెరుచుకున్న పేజీ చదివింది.

"ఏడో నంబరు. వయసు యాభై ఎనిమిది. చీటీ ఉంది, వెళ్లదు. కొడుకు అడిగితే మాట మారుస్తుంది." ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఇది నేనే కదా అమ్మాయ్?"

అతనికి బఠానీ గొంతుకు అడ్డం పడింది.

ఆమె తల దించుకుంది. ల్యాబ్‌లో ట్యూబుల మీద పేర్లు రాయరని, ఎనిమిదేళ్లు నంబర్లే చూశానని, ఆ నంబర్ల వెనక మనుషుల్ని చూడాలనే బయటికి వచ్చానని, అలవాటు మాత్రం తనతోపాటే వచ్చేసిందని ఎలాగో చెప్పింది.

ఆవిడ విన్నదో లేదో, వెనక్కి పేజీలు తిప్పుతోంది.

"ఒకటో నంబరు. వయసు ముప్ఫై ఒకటి. పరీక్షకు ఈ ఊరి క్లినిక్‌లో రెండుసార్లు టైము తీసుకుని వెళ్లలేదు. భయం. అందరికీ మాత్రం చెబుతుంది." తలెత్తింది. "ఎవరీ మహాతల్లి?"

ఆమె వలుస్తున్న కాయ బల్లమీద పెట్టింది.

"నేనే ఆంటీ."

అతను ఆమె వైపు తిరిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు చెయ్యెత్తలేదు కదా."

నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు.

తల్లి లేచి చేతులు కడుక్కుంది. ఫ్రిజ్ మీది చీటీ తీసి సంచిలో పెట్టుకుంది. నేనూ రానా అని కొడుకు అడుగుతుండగానే గుమ్మం వైపు నడిచింది. గుమ్మం దగ్గర తన చెప్పులు వేసుకుని, వంగి, ఆమె చెప్పుల్ని వీధివైపు తిప్పి పెట్టింది. రెండు గొడుగుల్లో పెద్దది తీసుకుని మెట్లు దిగింది.

బయట సన్నగా చినుకులు. గేటు దగ్గర ఆవిడ గొడుగు విప్పి, దాని కింద ఒక పక్కకు జరిగి నిలబడింది.

అతను గిన్నె తన ముందుకు లాక్కున్నాడు. "వెళ్లు. ఇవి నేను వలుస్తాను."

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టి బయటికి నడిచింది.