సున్నం విన్న మాట

స్కానర్ ఎర్రటి కాంతిగీత గోడ మీద మెల్లగా జరుగుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. స్పీకర్లో ముందు గరగర. ఆ వెనకే ఓ ఆడగొంతు: "పోదురూ, మీరు మరీనూ!" పకపకా నవ్వు. ఆ నవ్వుకి వందేళ్ళు దాటాయి.

లైబ్రేరియన్ భ్రమరాంబకి కళ్ళు చెమర్చాయి. బందరులోని ఆ పాత గ్రంథాలయాన్ని బాగుచేయించి, చదువరులతో పాటు కుట్టు నేర్చుకునేవాళ్ళకీ, పాట సాధన చేసేవాళ్ళకీ, కథలు వినే పిల్లలకీ చోటివ్వాలని ఆమె ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది. తీరా పని మొదలయ్యాక ఈ వింత బయటపడింది.

"గానుగ సున్నం నెమ్మదిగా గట్టిపడుతుందమ్మా," అంది శాస్త్రవేత్త ఇర్ఫానా. "అప్పుడు దగ్గర్లో గట్టిగా పలికిన మాటల కంపనాలు అందులో నిలిచిపోతాయి. లేజర్‌తో వాటిని మళ్ళీ శబ్దంగా మారుస్తున్నాం."

"అయితే తూర్పు గోడకి పూయబోయే కొత్త సున్నంలో?"

"మన మాటలుంటాయి."

ఆ సంగతి ఊరంతా పాకింది. గోడ పచ్చిగా ఉన్నన్నాళ్ళూ పెద్దమనుషులు పట్టుపంచెలు కట్టుకుని బారులు తీరారు. వేదిక వేశారు, మైకు పెట్టారు, భావితరాలకు సందేశాలిచ్చారు. రోజూ పేపరు ముందేసుకుని లోకాభిరామాయణం చెప్పే పేరయ్యగారు సైతం "మహాజనులారా" అని మొదలెట్టారు. బాగుచేత సాగుతుండగానే ఓ పక్క మొదలైన కుట్టుమిషన్లు ఆగాయి. పాట ఆగింది. కథకని వచ్చిన పిల్లలు గుమ్మం బయట నిలబడిపోయారు.

భ్రమరాంబ విసవిసా లోపలికొచ్చింది. తూర్పు గోడకి ఆనుకున్నంత పనిచేసి ఒక్క అరుపు అరిచింది.

"చాల్లెండి మీ సోది! రేపు పుట్టేవాళ్ళ సంగతి తర్వాత, ఉన్న పిల్లలు ఎండలో మాడిపోతున్నారు. లేవండి, కుర్చీలు ఖాళీ చెయ్యండి!"

లేచారు. పిల్లలు బిలబిలా లోపలికొచ్చారు.

సున్నం గట్టిపడ్డాక, ప్రారంభోత్సవం నాడు, ఇర్ఫానా కొత్త గోడ మీద స్కానర్ నడిపింది. పెద్దలంతా ముందు వరుసలో కూర్చున్నారు. సందేశాలిచ్చిన నాడు మైకుందన్న ధీమాతో వాళ్ళెవరూ గొంతెత్తలేదు. మైకు స్పీకర్లేమో గోడ వైపు కాక జనం వైపు తిరిగి ఉన్నాయి. సందేశాలన్నీ గాలి ఈల వేసినట్టు వినిపించి పోయాయి. అంతలో హాలు అదిరిపోయేలా:

"చాల్లెండి మీ సోది!"

అందరికన్నా ముందు నవ్వింది పేరయ్యగారే. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. భ్రమరాంబ చెంగుతో మొహం కప్పుకుంది.

"చెరిపెయ్ తల్లీ."

"గోడ పగలగొట్టాలమ్మా," అంది ఇర్ఫానా.

"మళ్ళీ పెట్టండి!" అని పిల్లలు గోల.

మళ్ళీ పెట్టారు. ఈసారి భ్రమరాంబ చెంగు కాస్త తప్పించి శ్రద్ధగా వింది.

"ఒక్క 'దయచేసి' అన్నా అని ఉండాల్సింది," అంది.