మందు లేని కాలువ

ముసలి సైంటిస్టు ల్యాబ్ మెట్ల మీద జారిపడి చచ్చిపోయాడన్నారు. మెట్లు పొడిగానే ఉన్నాయి.

బాస్ తపాలా బిళ్లంత గాజు చిప్‌ను బల్ల మీదికి తోశాడు.

"ఆయన చేసింది ఇదే. లోపల వెంట్రుకంత కాలువలు. ఒక్కో కాలువలో ఒక్కో యాంటీబయాటిక్. రోగి మూత్రం చుక్క వదిలితే, ఏ కాలువలో బాక్టీరియా పెరిగిందో ఆ మందు దండగ. విదేశీ ముఠా ఒకటి నకిలీ చిప్‌లు దించింది. ఏ రోగికైనా పాత మందులన్నీ ఫెయిల్, వాళ్ల ఇంజెక్షన్ ఒక్కటే పాస్."

"రుజువు?" అడిగాడు ఏజెంట్.

"లేదు. చివరి ఫోన్‌లో ముసలాయన ఒక్క మాటే అన్నాడు, మందు లేని కాలువ చూడండి అని. ఆస్పత్రి ల్యాబ్‌లో ఒకామె ఉంది, కోడ్ పేరు నెమలి. మన మనిషే. వాళ్ల మనిషి కూడా కావచ్చు." బాస్ కళ్లు దించుకున్నాడు. "మీ చెల్లి ఆ ఆస్పత్రి వార్డులోనే ఉందటగా?"

"ఉంది."

ఏజెంట్ మొహంలో ఏమీ కదల్లేదు. ఆ మొహానికే డిపార్టుమెంటులో ఐసుగడ్డ అని పేరు. చెల్లికి మిగిలింది ఒకే కిడ్నీ. ఆ ఇంజెక్షన్ పడితే అదీ పోతుంది.

ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లోకి వెళ్లాడు. చొక్కా గుండీలో కెమెరా. నెమలి తెల్లకోటులో కూడా పెళ్లికి వచ్చినట్టుంది.

"మందు ఉందా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"తాగేదా, పూసేదా?" జవాబు చెప్పి నవ్వింది. "మీ చెల్లి రిపోర్టేగా? పాతవన్నీ పోయాయి. కొత్త ఇంజెక్షన్ రాసేశారు. నర్సు తీసుకెళ్లింది కూడా."

మైక్రోస్కోప్ కింద ఉన్న చెల్లి చిప్‌కు కన్ను ఆనించాడు. పాత మందుల కాలువలన్నీ బాక్టీరియా పెరిగి మసక. ఇంజెక్షన్ కాలువ తేట. చివరిది కూడా తేట.

"ఈ చివరిదాంట్లో ఏ మందుంది?"

"ఏదీ లేదు. ఉత్తది. చూడు, ఎంత శుభ్రంగా ఉందో."

"మందు లేకుండానే చచ్చే క్రిమికి మీ ఇంజెక్షన్ ఎందుకమ్మా?"

నెమలి నవ్వు అలాగే ఉండిపోయింది. చెయ్యి మాత్రం సొరుగులోకి వెళ్లింది. పిస్టల్ బయటికొచ్చేలోపు మణికట్టు మీద స్పానర్ పడింది. ఆమెను ఏసీ పైపుకు సంకెళ్లతో బిగించి వార్డుకు పరిగెత్తాడు.

నర్సు అప్పటికే సెలైన్ గొట్టంలో సూది గుచ్చేసింది. బొటనవేలు కదలబోతుండగా గొట్టం మడిచి పట్టుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"ఏసీ మెకానిక్‌ని."

చెల్లి కళ్లు తెరిచింది. "నా దగ్గర కూడా వేషమేనా అన్నయ్యా?"

గుండీలోని కెమెరా పీకి జేబులో వేసుకున్నాడు.

అసలు చిప్ మీద ఓ పాత మాత్ర పాసైంది, అందరూ మరిచిపోయిన రకం. చెల్లికి జ్వరం దిగింది. సంతోషం వస్తుందేమోనని వరండాలో కాసేపు కూర్చుని చూశాడు. రాలేదు.

ఫోన్ మోగింది. బాస్.

"శభాష్. సాయంత్రం మందు పార్టీ నాది. వచ్చెయ్."

"వద్దు బాస్. నా మీద అదీ పనిచెయ్యడం మానేసింది."