బల్ల కింద పడ్డ జవాబు

“దాన్ని తంతే బొమ్మ రాదు. అలారం మోగుతుంది.”

అప్పటికే మోగేసింది. బో-యెన్ కాలు ఇంకా గాల్లోనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే వీల్‌చైర్‌లో ఒకమ్మాయి. ఒళ్ళో స్క్రూడ్రైవర్. మొహంలో జాలన్నది మచ్చుకైనా లేదు.

“ఈ మిషన్ మోసమండీ! కొక్కెంతో బొమ్మని పట్టుకుంటుంది, పైదాకా తెస్తుంది, సరిగ్గా అప్పుడే వదిలేస్తుంది.”

“పాపం, మిషన్‌ని అనకండి. ఆ పట్టు వదులు చేసింది నేను. షాపు నాదే.”

“సిగ్గులేకుండా ఎలా చెప్తున్నారో చూడు!”

“సిగ్గుపడుతూ కూర్చుంటే అద్దె ఎవరు కడతారు? అయినా మీరు పక్కసందులో సోయా పాలు అమ్మేవాళ్ళు కదూ? పాలల్లో మీరు నీళ్ళు కలపరూ?”

“కలపకుండా సోయా పాలు ఎలా వస్తాయి!” అని అరిచాడు. అరిచాక నాలుక్కరుచుకున్నాడు. ఆ అమ్మాయి, పేరు ఈ-జెన్, కడుపు పట్టుకుని నవ్వింది.

అంతే, మనవాడి పని అయిపోయింది.

మర్నాటి నుంచి పొద్దున్నే వేడి సోయా పాల గ్లాసుతో షాపులో ప్రత్యక్షం. వంక మాత్రం బొమ్మ. తైవాన్‌లోని ఆ తైనాన్ ఊళ్ళో బొమ్మలు పట్టే మిషన్లు వీధికి పది ఉన్నాయి. వాడికి మాత్రం ఆ షాపే కావాలి, అందులోనూ ఆ నీలం తిమింగలమే కావాలి. ఒక్కసారీ దొరకలేదు. దొరక్కుండా ఎవరు చూసుకున్నారో వేరే చెప్పాలా?

ఒకరోజు ఆమె ఎడంచేత్తో గ్లాసు అందుకుని ఏదో చెబుతూనే ఉంది. వేళ్ళు ఎర్రగా కందిపోతున్నాయి. బో-యెన్ గ్లాసు లాక్కున్నాడు.

“కాలుతోంది, తెలీట్లేదా నీకు?”

ఆమె వేళ్ళ వంక చూసుకుంది. “లేదు,” అంది. మొదటిసారి ఆ గొంతులో వేళాకోళం లేదు.

ఐదేళ్ళ క్రితం స్కూటర్ ప్రమాదంలో ఆమె వెన్నెముక విరిగింది. “కాళ్ళకీ నాకూ ఎప్పుడో రాజీ కుదిరిపోయిందిలే,” అనేది. ఇప్పుడు గొడవ చేతులతో. పాత దెబ్బ దగ్గర, వెన్నుపాము లోపల, నీటితిత్తి ఒకటి పుట్టి పైకి పాకుతోంది. వీపు తెరిచి, సన్నటి గొట్టం పెట్టి ఆ నీరు బయటికి పంపాలన్నాడు డాక్టర్. బాగా జరిగితే చేతులు ఇప్పుడున్నట్టు నిలుస్తాయి. తేడా వస్తే ఉన్నదీ పోవచ్చు. ఊరికే వదిలేస్తే మెల్లగా ఎలాగూ పోతాయి.

“చేయించుకో,” అన్నాడు బో-యెన్ వెంటనే. “ఇవాళే చేయించుకో.”

“ఏంటి, టిఫిన్ ఆర్డరా? ఈ చేతుల్తోనే బండి తోసుకుంటాను, మిషన్లు బాగుచేస్తాను, నిన్ను కొడతాను. వీపు నీదా నాదా?”

“నీదే.”

“అయితే నోర్మూసుకో.”

మూసుకున్నాడు. లోపల మాత్రం ఉడికిపోయాడు. వారం తర్వాత ఆమే అంది: “రేపు మా అమ్మమ్మతో గుడికి వెళ్తున్నా. దేవుణ్ణి ఒకటి అడగాలి. నువ్వూ రా. నా వీపులో స్టీలు కడ్డీలున్నాయి, వంగలేను. దేవుడి జవాబు కోసం వేసే చెక్కలు ఏరిపెట్టడానికి మనిషి కావాలి.”

ఆ గుడి దేవుడు వైద్యుడు. ఇంకేం అడుగుతుంది, ఆపరేషన్ సంగతే అనుకున్నాడు వాడు.

చంద్రవంకలాంటి ఎర్ర చెక్కలు రెండు. మనసులో అడగాల్సింది అడిగి కింద పడెయ్యాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవుడు ఔనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వుతున్నాడని, జవాబింకా తేలలేదని. పెద్ద విషయమైతే వరసగా మూడుసార్లు ఔననాలి.

ఈ-జెన్ కళ్ళు మూసుకుని చాలాసేపు పెదాలు కదిపింది. వేసింది. ఔను. మళ్ళీ వేసింది. ఔను. అమ్మమ్మ చేతులు జోడించింది.

మూడోసారి చెక్కలు ఎగిరి, గెంతి, నైవేద్యాల బల్ల కిందికి దూరాయి.

వాడు బల్ల చుట్టూ వేలాడే తెర ఎత్తి పాక్కుంటూ వెళ్ళాడు. రెండూ వెల్లకిలా పడి ఊగుతున్నాయి. దేవుడు నవ్వుతున్నాడు! నవ్వే టైమా ఇది స్వామీ! బయటికొచ్చి ఇదే చెబితే ఆమె ఆపరేషన్ మానేస్తుంది. చేతులు పోతాయి.

బొటనవేలితో ఒకదాన్ని బోర్లా తోశాడు.

“ఔనన్నాడు!” అని అరిచి, లేవబోయి తల బల్లకి కొట్టుకున్నాడు. పైనున్న నారింజపళ్ళు నాలుగు దొర్లి కిందపడ్డాయి.

ఈ-జెన్ మొహం వెలిగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది కూడా. ఆపరేషన్‌కి ఎవరైనా సిగ్గుపడతారా? ఆ మాత్రం ఆలోచన వాడికి రాలేదు. తప్పు చేసినవాడికి ఇంకేం కనిపిస్తుంది?

ఆపరేషన్ రోజు పొద్దున్న, ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన నిలబడ్డాడు బో-యెన్.

“ఈ-జెన్, నేనో పాపం చేశాను.”

“పాలల్లో నీళ్ళేనా?”

“మూడోసారి దేవుడు ఔనన్లేదు. నవ్వాడు. నేనే తిప్పాను. నీ ఒంటి సంగతి నేను తేల్చేశాను. నీకిష్టం లేకపోతే ఇప్పుడైనా ఆపేద్దాం, డాక్టర్‌కి నేను చెప్తాను.”

ఈ-జెన్ గుడ్లప్పగించి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. నర్సు తలుపులోంచి తొంగిచూసింది.

“ఓరి మొద్దబ్బాయ్! ఆపరేషన్ సంగతి దేవుణ్ణి ఎందుకడుగుతాను? గుడికెళ్ళక ముందే నేనూ డాక్టరూ తేల్చేసుకున్నాం.”

“మరి... ఏమడిగావు?”

“తిరిగొచ్చాక చెప్తా. తిరిగి రావడానికి నాకూ ఒక కారణం ఉండాలిగా.” నవ్వు ఆగిపోయింది. “బో-యెన్, భయమేస్తోంది. చాలా భయమేస్తోంది.”

“నాకూ.”

“నీకెందుకు? కోసేది నన్నయితే!”

ఆమెని లోపలికి తీసుకెళ్ళే స్ట్రెచర్ కదిలింది. బయట కుర్చీలో కూర్చున్నవాడి చేతిలో అమ్మమ్మ బన్ను పెట్టింది. “తిను బాబూ. నువ్వు పస్తుంటే దాని వీపు అతుక్కుంటుందా?” అంటూనే కళ్ళు తుడుచుకుంది. వాడు తిన్నాడు. రుచి తెలీలేదు.

మర్నాడు లోపలికి పంపించారు. ఆమె కదలకుండా పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి.

“ఇలా రా. చెవి తే.”

ఏదో రహస్యం చెబుతుందని వంగాడు. ఎడంచెయ్యి మెల్లగా లేచింది, వాడి చెవి దొరకబుచ్చుకుంది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గట్టిగా మెలేసింది.

“నొప్పిగా ఉందా?”

“ప్రాణం పోతోంది!”

“హమ్మయ్య,” అంది. “చిటికెనవేలికి ఇంకా స్పర్శ లేదు. కానీ పట్టు ఉంది. బో-యెన్, నా చేతులున్నాయి.” ఆమె ఏడుస్తోంది. చెవి మాత్రం వదల్లేదు.

వాడూ ఏడ్చాడు. తర్వాత అడిగాడు, “ఇంతకీ ఏమడిగావు?”

“‘ఈ సోయాపాలవాణ్ణి పెళ్ళి చేసుకోనా?’ అని.”

వాడు చటుక్కున తలెత్తబోయాడు, చెవి ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

“మూడోది నువ్వు తిప్పావు కాబట్టి చెల్లదు. మళ్ళీ వెయ్యాలి,” అంది ఆమె తీరిగ్గా.

వీపు మానాక గుడికెళ్ళారు. ఈసారి బో-యెన్ రెండు చేతులూ పైకెత్తి నిలబడాలని అమ్మమ్మ ఆజ్ఞ. ఈ-జెన్ చెక్కలు ఎడంచేత్తో పట్టుకుంది, కళ్ళు మూసుకుంది, విసిరింది.

అవి తిన్నగా పోయి మళ్ళీ ఆ బల్ల కిందే దూరాయి.

వాడు కదలబోయాడు. “చేతులు పైకి!” అంది. కుర్చీ పక్కనుంచి వస్తువులు అందుకునే కొక్కెంకర్ర తీసింది, తెర కిందికి పోనిచ్చి చెక్కలు రెండూ టకటకా ఈడ్చుకుంది. ఒళ్ళో వేసుకుని గభాల్న మూసేసింది.

“ఔనన్నాడు,” అంది.

“అలా లాగితే తిరగబడవూ? ఎలా పడ్డాయో నీకెలా తెలుసు?”

“నీకెందుకు? ఆ రోజు నేనడిగానా?”

బో-యెన్ అమ్మమ్మ వైపు చూశాడు. అమ్మమ్మ ఎంతో భక్తిగా ఇంకోవైపు తిరిగి అగరొత్తులు వెలిగిస్తోంది.

“ఆ చేతులు ఇంక దించు,” అంది ఈ-జెన్. “ఒకటి ఇలా ఇవ్వు.”